పసుపు అంటని చోటు

పోయిన వారం యలమందని అతని కొట్టు మెట్టు మీదే నిలబెట్టి వదిలేశాం. మిట్టమధ్యాహ్నం ఎండలో తెల్ల కారొకటి ప్రత్తిపాడు సెంటర్ దాటి, పురుగుమందుల షాపులు దాటి, నేరుగా వచ్చి అతని ముందు ఆగింది. అందులోంచి దిగిన మనిషి సీతారామాంజనేయులు. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ ఆంజనేయులుగారు. పోయిన వేసవిలో ఆయన కోల్డ్ స్టోరేజీ తగలబడింది. రైతులు దాచుకున్న మిరపకాయ టిక్కీలన్నీ, బస్తాలకి బస్తాలు, బూడిదయ్యాయని ఆయన తల పట్టుకుని ఏడ్చాడు. ఆయన్ని చూసి రైతులూ ఏడ్చారు. మంచి సరుకంతా ముందే లారీలెక్కి వెళ్ళిపోయిందనీ, కాలింది తాలుకాయలూ ఖాళీ గోతాలేననీ కళ్ళారా చూసినవాడు ఒక్కడే ఉన్నాడు. అక్కడ మిషన్ ఆపరేటరుగా చేసిన శివరామకృష్ణ. యలమంద భార్య బసవమ్మకి తమ్ముడు. సోమవారం గుంటూరు కోర్టులో అతను ఆ మాట చెప్పాలి. అందాకా బతికుండాలి. అందుకని యలమంద అతన్ని తీసుకెళ్ళి వేటపాలెంలో ఓ జీడిపప్పు బట్టీ వెనక గదిలో పెట్టాడు. ఫోను కూడా తీయించేశాడు. తోడుకి నమ్మకస్తుడని కోటేషుని ఉంచాడు. ఆ చోటు యలమందకి, బసవమ్మకి, కోటేషుకి తప్ప నాలుగో మనిషికి తెలియదు.

తెలియదనే ధైర్యంతోనే యలమంద మెట్టు దిగి నమస్కారం పెట్టాడు.

"ఏరా యలమందా, అన్నం తిన్నావా?" అన్నాడు ఆంజనేయులు.

ఇంకా లేదండీ అన్నాడు. బసవమ్మ క్యారేజీ తెచ్చే వేళయిందని చెప్పబోయి ఆ మాట మింగేశాడు. ఈ మనిషి ముందు పెళ్ళాం పేరెత్తబుద్ధి కాలేదు.

ఆంజనేయులు లోపలికొచ్చి, మరమ్మతుకొచ్చిన మందు కొట్టే తైవాన్ పంపుల మధ్య ఓ పాత ట్యాంకుని బోర్లించి, దాని మీద తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు. కారు తోలే సురేంద్ర వెనకే వచ్చి, ఎవరూ చెప్పకుండానే షట్టర్ని సగానికి లాగాడు. అంతసేపూ గోడల మీదున్న ఎండ మోకాళ్ళ కిందకి దిగిపోయింది. సురేంద్ర చేతిలో చిన్న గుడ్డ సంచీ ఉంది. యార్డుకి మిరపకాయలు మచ్చు పట్టుకెళ్ళే సంచీ. దాన్ని బల్ల మీద పెట్టినప్పుడు మిరపకాయల చప్పుడు రాలేదు. ఇనుము చప్పుడొచ్చింది.

సంచీలోంచి పాలిథిన్ కవరు, కవరులోంచి పిస్తోలు. నల్ల ప్లాస్టిక్ పిడి. కింది నుంచి తూటాల గూడు ఊడదీసి ఆంజనేయులు తన లాల్చీ జేబులో వేసుకున్నాడు.

"భయపడమాక, ఖాళీదే. దీనికి నీ కక్కు పెట్టాలి. నాదానికి పెట్టావు చూడు, అట్లా."

కక్కంటే ఏమిటో యలమంద ఇంట్లో తరాలుగా తెలిసిన సంగతి. రోలు అరిగి నున్నబడితే పచ్చడి నలగదు, తిరగలి నున్నబడితే పప్పు విరగదు. ఉలితో దగ్గర దగ్గరగా గాట్లు కొట్టి రాతిని మళ్ళీ గరుకు చేస్తే దాన్ని కక్కు కొట్టడం అంటారు. యలమంద నాన్న ఆ పని మీదే ఊరూరా తిరిగి పిల్లల్ని పెంచాడు. మిక్సీలొచ్చాక రోళ్ళు దొడ్లోకి పోయాయి. యలమంద స్ప్రేయర్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. మిరప చేలల్లో నల్ల తామరపురుగు పడ్డ ఏడు జనం పగలంతా మందు కొడుతూనే ఉన్నారు. మందూ చెమటా కలిసి పంపు పిడి చేతిలో నిలిచేది కాదు. అప్పుడు తట్టింది అతనికి. వైర్లు అతికించే సోల్డరింగ్ కడ్డీ మొన అరగదీసి, వేడిచేసి, ప్లాస్టిక్ పిడి మీద చుక్క పక్కన చుక్క గుచ్చుకుంటూ పోయాడు. గుచ్చిన చోట గుంట పడుతుంది, గుంట చుట్టూ సన్నటి అంచు లేస్తుంది. అలాంటివి వందలు పడితే పిడి చేతిని పట్టుకుంటుంది. అదే కక్కు, రాయి బదులు ప్లాస్టిక్ మీద. రైతులు ఆ పేరుతోనే అడిగి పెట్టించుకున్నారు. ఆ సంగతి తెలిసి రెండేళ్ళ కిందట ఆంజనేయులు తన లైసెన్సు పిస్తోలు తెచ్చాడు. ఆయన చేతికీ చెమట ఎక్కువే.

యలమంద పిస్తోలు తీసుకుని కిటికీ వైపు తిప్పాడు.

ఇది ఆ పిస్తోలు కాదు. ఎన్నికల కోడ్ వచ్చిన రోజునే లైసెన్సులున్నవాళ్ళంతా తుపాకులు స్టేషనులో అప్పజెప్పారు. ఆంజనేయులు కూడా ఇచ్చి, రసీదు చొక్కా జేబులో పెట్టుకుని టీ బంకు దగ్గర అందరికీ చెప్పాడు. మరి ఇది ఎక్కడిది? నంబరు ఉండాల్సిన చోట ఆకురాయి పెట్టి గీకేసి ఉంది. ఇనుము తెల్లగా మెరుస్తోంది.

"మా మేనల్లుడిదిలే," అన్నాడు ఆంజనేయులు అడక్కుండానే. "హైదరాబాదులో ఉంటాడు. చెయ్యి జారుతోందని గోల. నీ పద్ధతి ప్రకారం పసుపు కూడా నేనే పట్టించి తెచ్చా."

యలమంద పద్ధతి ఒకటుంది. ఎవరి చేతికి ఏ పిడి చేస్తున్నా ముందు నూనెలో కలిపిన పసుపు ఆ మనిషి అరచేతికి రాసి, పిడి పట్టుకోమంటాడు. పసుపు అంటిన చోట చెయ్యి ఆనుతుంది. అంటిన చోటే కక్కు పెడతాడు. ఏ ఇద్దరి పట్టూ ఒకటి కాదు. ఈ పిడి మీద కూడా పసుపు అంటి ఉంది. ఎండి, అంచుల్లో పొలుసులు లేచి ఉంది.

కుదరదనడానికి నోరు తెరిచాడు. సురేంద్ర బల్ల మీదున్న యలమంద ఫోను తీసి, తన జేబులో వేసుకుని, షట్టర్ దగ్గరకెళ్ళి నిలబడ్డాడు. యలమంద నోరు మూసుకుని కడ్డీ ప్లగ్గులో పెట్టాడు.

కడ్డీ వేడెక్కేదాకా ఆంజనేయులు ధరల గురించి మాట్లాడాడు. తేజా రకం ఎంత పలుకుతోందో, ఈ ఏడు పత్తి ఎలా ముంచిందో చెప్పాడు. యలమంద ఊ కొడుతూ కత్తి మొనతో పసుపు చుట్టూ గీత గీశాడు. తర్వాత మొదటి చుక్క గుచ్చాడు. ప్లాస్టిక్ చిన్నగా బుసకొట్టి, సన్నటి పొగ లేచి, గొంతు పట్టుకునే వాసన కొట్టు నిండా కమ్ముకుంది. ఒత్తాలి, వెంటనే తీయాలి. ఎక్కువసేపు ఉంచితే ప్లాస్టిక్ కరిగి నిగనిగలాడుతుంది, కక్కు చచ్చిపోతుంది. చిటికెన వేలు ఆనే చోటు నుంచి మొదలుపెట్టి వరస వెంట వరస పైకొచ్చాడు.

పైకొస్తున్న కొద్దీ ఏదో తెలిసిన దారిన నడుస్తున్నట్టు అనిపించింది.

చిటికెన వేలి దగ్గర పసుపు చిక్కగా ఉంది. ఉంగరం వేలి దగ్గరా ఉంది. పైకి పోయే కొద్దీ పలచబడి, చూపుడు వేలి మొదట్లో ఉత్త ప్లాస్టిక్ కనిపిస్తోంది. అంటే ఆ మనిషి చూపుడు వేలు పూర్తిగా వంగదు. బరువంతా చిటికెన వేలి మీద పడుతోంది. ఇలాంటి పట్టు యలమంద ఒక్కసారే చూశాడు. తైవాన్ పంపు స్టార్ట్ చేసే తాడు వేలికి చుట్టుకుని లాగేస్తే ఎముక విరిగి, సరిగ్గా అతకని వేలు. పోయిన సీజనులో ఇదే బల్ల దగ్గర, ఇదే స్టూలు మీద కూర్చుని, పసుపు చెయ్యి చాపి, "పెళ్ళికొడుకుని చేస్తున్నావా ఏందన్నా," అని నవ్విన మనిషిది.

కోటేషుది.

కడ్డీ చేతిలో ఆగింది. ఆగిందని తెలిసి వెంటనే మళ్ళీ కదిలించాడు. నిన్న సాయంత్రం కూడా కోటేషు ఫోను చేశాడు. శివ బాగున్నాడన్నా, అన్నం తిన్నాడు, ఇద్దరం పేకాడుతున్నాం అన్నాడు. ఆ వెనకాల శివ నవ్వు వినిపించింది. పేకముక్కలు పట్టుకున్న ఆ చేతికే ఎవరో పసుపు రాశారు. ఎప్పుడు రాశారు? శివ నిద్రపోయినప్పుడా? బజారుకి పోయొస్తానని చెప్పి వెళ్ళినప్పుడా? ఆ గదికి లోపలి గడియ ఒక్కటే. అది కోటేషు చేతిలోనే ఉంది.

యలమందకి లేచి పరిగెత్తాలనిపించింది. మోకాళ్ళ దాకా ఉన్న ఆ ఎండలోంచి దూరి బయటపడితే ఎంత దూరం పోగలడు? పోయి ఎవరికి చెప్తాడు? ఫోను లేదు. ఉన్నా, శివని పిలవాలంటే కోటేషు ఫోనుకే చేయాలి. ఆ ఏర్పాటు చేసింది తనే.

ఒక్క దారి కనిపించింది. కక్కు చంపేయాలి. మొన కాస్త ఎక్కువసేపు ఆనించి ప్లాస్టిక్ని కరగనిస్తే, చూడ్డానికి చుక్కల్లాగే ఉంటుంది, చెమట పట్టగానే సబ్బుబిళ్ళలా జారుతుంది. ఆ జారే క్షణంలో శివ తలుపు దాటొచ్చు. అంతకన్నా చేయగలిగింది లేదు. కడ్డీని ఒత్తి పట్టాడు. చుక్క కరిగి నిగనిగలాడింది. ఆంజనేయులు తల తిప్పలేదు. ఇంకోటి. ఇంకోటి. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. అతని ఆలోచన మాత్రం వేటపాలెంలో, జీడిపిక్కల పొగ వాసన కొట్టే ఆ గదిలో, తలుపుకి వీపు పెట్టి పడుకునే శివ చుట్టూ తిరుగుతోంది. వాడికి ఆ అలవాటు చిన్నప్పటి నుంచీ ఉంది. వీపు పెట్టి పడుకుంటాడు.

"అదేంట్రా?" అన్నాడు ఆంజనేయులు.

యలమంద ఉలిక్కిపడ్డాడు. ఆయన ఎప్పుడు లేచాడో, ఎప్పుడొచ్చి భుజం వెనక నిలబడ్డాడో తెలియలేదు. వేలు పెట్టి పిడి వెనక భాగం చూపించాడు. బొటనవేలి గుబ్బ ఆనే చోటుకి కాస్త కింద, రెండు వరసల చుక్కలు ఒంపు తిరిగి ఉన్నాయి. కొత్తవి. చక్కగా, పదునుగా, అంచు లేచి ఉన్నాయి.

"అక్కడ పసుపు లేదుగా. మరెందుకు పెట్టావు?"

యలమంద చూశాడు. నిజంగానే లేదు. అక్కడ పెట్టినట్టు తనకే తెలియదు.

పోయిన సీజనులో కోటేషు పంపుకి మొదట పసుపు అంటిన మేరకే కక్కు పెట్టాడు. రెండ్రోజుల్లో కోటేషు బొబ్బలెక్కిన చెయ్యి చూపించుకుంటూ తిరిగొచ్చాడు. అప్పుడు తెలిసింది, చూపుడు వేలు ఆసరా లేకపోతే చెమట పట్టాక చెయ్యి కిందకి జారి ఇంకోచోట ఆనుతుందని. ఆ జారిన చోట రెండు వరసలు ఒంపుగా పెట్టాక ఇంకెప్పుడూ బొబ్బ రాలేదు. ఇప్పుడు మనసు శివ దగ్గర ఉండగా, చెయ్యి తనంతట తను పోయి ఆ రెండు వరసలూ పెట్టేసింది. కక్కు చంపుదామనుకున్న చేత్తోనే, ఆ మనిషికి ఎక్కడ కావాలో సరిగ్గా అక్కడ పెట్టింది.

"అందానికండీ," అన్నాడు.

"నాదానికి పెట్టలేదే ఈ అందం."

"అప్పుడు తట్టలేదండీ."

ఆంజనేయులు పిస్తోలు తన చేతిలోకి తీసుకుని కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పాడు. తొందర లేదు ఆయనకి. కరిగి మెరుస్తున్న చుక్కల మీద బొటనవేలు రాశాడు. తర్వాత ఆ రెండు వరసల మీద రాశాడు. తర్వాత యలమంద ముఖం చూశాడు.

"ఇవి జారుతున్నాయి. ఇవి పట్టుకుంటున్నాయి. పసుపు ఉన్న చోట చెడగొట్టి, లేని చోట బాగుచేశావు." ఆయన నవ్వాడు. "ఎవరిదో తెలిసిపోయింది కదరా నీకు. ఒక్క ముక్క అడక్కుండా నిజం కక్కించావు నీ చేత నువ్వే. నోటితో అయితే చచ్చినా చెప్పేవాడివి కాదు."

షట్టర్ దగ్గర సురేంద్ర ఇటు తిరిగాడు.

యలమంద లేవబోయాడు. స్టూలు మీదే కూలబడి, చేతులు జోడించి, వాడు చిన్నవాడండీ, సాక్ష్యం చెప్పకుండా నేను ఆపుతానండీ, ఎక్కడికైనా పంపించేస్తానండీ అన్నాడు. అన్నీ అన్నాడు. ఆంజనేయులు ఓపిగ్గా విన్నాడు. విని, పిస్తోలు బల్ల మీద పెట్టి, మళ్ళీ ట్యాంకు మీద కూర్చుని, పిల్లాడికి లెక్క చెప్పినట్టు చెప్పాడు. వాడు ఆగడు, ఆ సంగతి నీకూ తెలుసు. ఇంత పనికి నీ దగ్గరికే ఎందుకొచ్చాననుకున్నావు, గుంటూరులో మనుషులు లేకనా? రేపు ఈ పిస్తోలు ఆ గదిలో దొరుకుతుంది. ఈ చుక్కలు ఎవరివని అడిగితే ఈ ప్రాంతంలో మందు కొట్టే ఏ రైతైనా నీ పేరే చెప్తాడు. బావా బావమరుదులు, ఏవో ఇంటి గొడవలు, ఎవరు కాదంటారు?

"ఎవరిదో తెలియకుండా చేసుంటే నీకే హాయిగా ఉండేది," అన్నాడు చివరికి. "తెలిసింది కాబట్టి కొంచెం ఎక్కువ చెయ్యాలి. చెడగొట్టినవి సరిచెయ్యి. తర్వాత కారెక్కు. పొద్దున్నుంచీ రోడ్ల మీద చెకింగు ఎక్కువైంది, నా కారు మూలమూలలూ వెతుకుతారు. మరమ్మతోడి సంచీ ఎవడూ వెతకడు. నువ్వే తీసుకెళ్ళి కోటేషు చేతిలో పెడతావు."

"పెట్టనంటే?"

ఆ మాట ఎలా వచ్చిందో యలమందకే తెలియదు. ఆంజనేయులు కోప్పడలేదు. సగం దించిన షట్టర్ కింద నుంచి బయటికి చూపించాడు. ఎండలో రెండు పాదాలు కనిపించాయి. పసుపు రాసిన పాదాలు, తెగి కుట్టించుకున్న చెప్పులు, పక్కన ఊగుతున్న స్టీలు క్యారేజీ అడుగు.

"అడుగు మీ ఆవిణ్ణే," అన్నాడు.

బసవమ్మ షట్టర్ కింద నుంచి వంగి లోపలికొచ్చింది. వచ్చీ రాగానే ఆంజనేయుల్ని చూసి అక్కడే నిలబడిపోయింది. ఆమె నిటారయ్యే లోపలే సురేంద్ర బల్ల మీది పిస్తోలుని యలమంద సామాన్ల సంచీలో వేసి, పైన పాత గుడ్డ కప్పేశాడు. స్క్రూడ్రైవర్లు, పంపు వాషర్లు, ఓ గుడ్డ. మామూలుగా రోజూ ఉండే సంచీలాగే ఉంది.

"రామ్మా, సమయానికొచ్చావు," అన్నాడు ఆంజనేయులు. "మీ తమ్ముడితో రాజీ మాట్లాడుకుందామని. నాకూ వాడికీ ఏం పగ? వేటపాలెంలో ఉన్నాడని మీ ఆయన చెప్పాడు. ఇద్దరం కలిసి వెళ్తున్నాం."

బసవమ్మ మొగుడి వైపు తిరిగింది. యలమంద తల వంచుకుని కడ్డీ ప్లగ్గు తీస్తున్నాడు. నేను చెప్పలేదు అనడానికి గొంతు దాకా వచ్చింది. ఆ ఒక్క మాట అంటే తర్వాతి మాటా అనాలి. ఆ తర్వాతి మాట విన్న మనిషిని వీళ్ళు వదలరు. తల ఎత్తలేదు. ఆ ఎత్తకపోవడమే ఆమెకి జవాబైంది.

"ఏమయ్యా," అంది నెమ్మదిగా. "నా తమ్ముడయ్యా వాడు."

ఆ తర్వాత ఆమె అతనితో మాట్లాడలేదు. ఆంజనేయులుతోనే మాట్లాడింది. రాజీ అంటే తన కళ్ళ ముందే జరగాలనీ, తను లేకుండా ఎవరూ తన తమ్ముడి గడప తొక్కడానికి వీల్లేదనీ తెగేసి చెప్పింది. ఆంజనేయులు అదే కావాలన్నట్టు తల ఊపాడు. చెడగొట్టిన చుక్కల సంగతి ఆయన ఇక ఎత్తలేదు. బసవమ్మ క్యారేజీ ఎక్కడ పెట్టాలో చూసి, ఎదురుగా నోరు తెరుచుకుని ఉన్న సామాన్ల సంచీలో, ఆ గుడ్డ మీదే పెట్టింది. శివకి తినిపించొచ్చు అని తనలో తను అనుకుంటూ పెట్టింది.

కారు పెదనందిపాడు దాటింది. రోడ్డుకి రెండు వైపులా కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. అద్దాలు ఎక్కించినా ఘాటు లోపలికొచ్చి సురేంద్ర తుమ్ముతున్నాడు. ముందు సీట్లో ఆంజనేయులు వెనక్కి ఒరిగి కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోవడం లేదు. చూపుడు వేలు ఫోను అంచు మీద తాళం వేస్తోంది. వెనక సీట్లో మొగుడూ పెళ్ళాలు, మధ్యలో సంచీ.

ఎలాగైనా చెప్పాలి. మోచేత్తో పొడిచి, కళ్ళతో సంచీ చూపిస్తే? అద్దంలో సురేంద్ర కళ్ళు అస్తమానం వెనకే ఉన్నాయి. చెప్పినా ఏమవుతుంది? బసవమ్మ కేక వేస్తుంది. ఆమె కేక వేయకుండా ఉండలేదు, పెళ్ళైన దగ్గర్నుంచీ చూస్తున్నాడు. ఆ కేకకి ముందు సీట్లోంచి కోటేషుకి ఫోను పోతుంది. అవతల శివ, పేకముక్కలు సర్దుకుంటూ. చేతిలో తుపాకీ లేకపోతే మాత్రం కోటేషుకి చేతులు లేవా? జీడిపిక్కలు కోసే కత్తులు ఆ బట్టీలో ప్రతి గోడకీ ఉన్నాయి.

"ఎప్పట్నుంచి?" అంది బసవమ్మ, కిటికీలోంచి బయటికి చూస్తూనే.

యలమంద అద్దంలో సురేంద్ర కళ్ళ వైపు చూశాడు.

"ఎప్పట్నుంచి నువ్వు వీళ్ళ మనిషివి?"

యలమంద చెయ్యి సీటు మీద జరిపి ఆమె చేతి పక్కన పెట్టాడు. ఆమె చెయ్యి తీసేసుకుంది.

పర్చూరు ఇంకా రాకముందే రోడ్డు మీద ఇనప గేట్లు అడ్డంగా కనిపించాయి. షామియానా నీడలో ఇద్దరు కానిస్టేబుళ్ళు, ఒక ఆడ కానిస్టేబులు, వీడియో కెమెరా పట్టుకున్న కుర్రాడు. సురేంద్ర కారు నిదానించాడు. యలమంద గుండెలో మొదటిసారి ఏదో కదిలింది. ఆశో భయమో అతనికే తెలియలేదు. సంచీ విప్పితే పిస్తోలు దొరుకుతుంది. దొరికితే అది వేటపాలెం చేరదు. దొరికింది తన సంచీలో కాబట్టి తను లోపలికి పోతాడు. పోనీ. బసవమ్మ మొహం కూడా చూడదు. పోనీ. కానీ ఆ ఫోను కోటేషుకి పోకుండా ఎవరు ఆపుతారు?

కానిస్టేబులు డిక్కీ తీయించాడు. సీట్ల కింద చూశాడు. ఆంజనేయులు దిగి, ఎండకి తువ్వాలు నెత్తిన వేసుకుని, అడిగినవన్నీ మర్యాదగా చూపించాడు. ఆయన జేబులోని తూటాల గూడు ఏమైందో యలమంద కళ్ళతో వెతికాడు. జేబు చదునుగా ఉంది. కారెక్కే ముందెప్పుడో అది కూడా సంచీలోకి చేరింది.

"వెనక సంచీ ఎవరిది?"

ఆంజనేయులు ఆ సంచీని అప్పుడే చూసినట్టు చూశాడు. "వాళ్ళదండీ. ఎండలో నడుస్తుంటే దారిలో ఎక్కించుకున్నాం. నాకు తెలిసినోళ్ళేం కాదు."

బసవమ్మ చివుక్కున తల తిప్పింది. రాజీ అన్న మనిషి, అమ్మా అన్న మనిషి, ఇప్పుడు తెలియదంటున్నాడు. ఎందుకో ఆమెకి అందలేదు. యలమందకి అందింది. బసవమ్మని కారెక్కించింది ఎందుకో కూడా అప్పుడే అందింది. దొరికితే ఆ సంచీ మొగుడూ పెళ్ళాలదే కావాలి.

"మాదేనమ్మా," అంది బసవమ్మ ఆడ కానిస్టేబులుతో, ఆంజనేయుల్ని ఉరిమి చూస్తూ. "అన్నం క్యారేజీ, మా ఆయన సామాన్లు. దాచుకోవాల్సిందేం లేదు మాకు, చూసుకోండి."

ఆగమనడానికి యలమంద నోరు తెరిచాడు. ఆ లోపే బసవమ్మ క్యారేజీ తీసి సీటు మీద పెట్టింది. ఆంజనేయులు రెండడుగులు పక్కకి జరిగి ఫోను చెవికి ఆనించుకున్నాడు. అవతల రింగు పోతున్న చప్పుడు యలమందకి సన్నగా వినిపిస్తోంది.

"అడుగున ఏమున్నాయమ్మా?"

"ఏముంటాయి, ఇనప ముక్కలు," అంటూ బసవమ్మ గుడ్డ కిందకి చెయ్యి పోనిచ్చింది.

ఆ చెయ్యి ఆగిపోయింది.

సంచీలోంచి తీయకుండా, మోచేతి దాకా అలాగే ఉంచి, ఆమె తల ఎత్తి మొగుడి మొహం చూసింది. అతని నిండిన కళ్ళు ఫోను మీదే ఉండటం చూసింది. తర్వాత ఫోను పట్టుకున్న ఆంజనేయులు వైపు చూసింది. కారులో ఇంతసేపూ ఆమె మొహంలో ఉన్న అసహ్యం మెల్లగా ఒక మనిషి మీద నుంచి లేచి ఇంకో మనిషి మీదకి పోవడం యలమంద కళ్ళారా చూశాడు.

అవతల రింగు ఆగింది. ఎవరో ఎత్తారు.

"ఏంటమ్మా, ఏముంది?" ఆడ కానిస్టేబులు సంచీ అంచు పట్టుకుంది.

"చెప్తానమ్మా," అంది బసవమ్మ. "ముందు ఆయన చేతిలో ఫోను లాక్కోండి."